పెట్లుప్పు సాక్ష్యం

సురేకారానికి తెలుగులో పెట్లుప్పు అని మరో పేరుంది. పెట్లు అంటే పేలుళ్ళు. పేలుడుకు పనికివచ్చే ఉప్పు గనుక పెట్లుప్పు. బొగ్గుతోనూ గంధకంతోనూ జతకట్టి తుపాకిమందయ్యేది ఇదే. ఆ పేరు పెట్టిన పెద్దల చూపంతా నిప్పు మీదే ఉన్నట్టుంది. కానీ ఇదే ఉప్పును తెచ్చి నీళ్ళలో కలిపితే నీళ్ళు చల్లబడతాయి. పొయ్యి లేదు, మంచు లేదు, గాలి విసరడమూ లేదు. ఉప్పు కరగడం, నీరు చల్లబడడం, అంతే.

ఈ వింతను అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో నమోదు చేశాడు. తుపాకిమందులో అంత వేడిని పుట్టించే ద్రవ్యాన్నే అక్బరు పాదుషా తాగునీటిని చల్లార్చడానికి వాడించాడని ఆయన మెచ్చుకోలుగా రాశాడు. సురేకారం కలిపిన నీళ్ళలో, మూతి బిగించిన నీటిసీసాను ఉంచి కాసేపు తిప్పేవారట. 1586లో కొలువు పంజాబుకు తరలిన తరువాత కొండల నుంచి మంచు రావడం మొదలయింది. (ఆస్థాన చరిత్రకారుడు గనుక ఘనత ఏలికకు దక్కింది గానీ, అక్బరు ఇంకా పసివాడుగా ఉన్న 1550లోనే బ్లాస్ విల్లాఫ్రాంకా అనే వైద్యుడు ఇదే పద్ధతి మీద రోము నగరంలో ఒక పుస్తకం అచ్చువేయించాడు.)

ఒకే ఉప్పు ఒకచోట మంటకు తోడవుతుంది, మరొకచోట చల్లదనానికి. బడిపుస్తకాల భాషలో మొదటిది ఉష్ణమోచక చర్య, రెండవది ఉష్ణగ్రాహక ప్రక్రియ. వేడిని బయటికి వదిలేది మోచకం, చుట్టుపక్కల నుంచి వేడిని లాక్కునేది గ్రాహకం. ఈ అనువాదాలు ఎవరివో గానీ నాకు చాలా ఇష్టం. గ్రహణానికి మనవాళ్ళు చెప్పే పట్టు, విడుపు అనే జంట వీటిలో దాగి ఉంది. వేడికి పట్టూ విడుపూ అంటే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

అయితే ఈ జంటపదాలు అమాయకంగా పుట్టినవి కావు. వాటి వెనుక ఒక సిద్ధాంతం ఉంది. ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టుకోవడానికి ఒక పెద్దాయన ఒక కుర్రవాడి దారికి అడ్డంపడ్డ కథ ఉంది. బడిపుస్తకాలు పదాలను ఇస్తాయి, కథను వదిలేస్తాయి. ఆ కథ కోసమే ఈ టపా.

కథ వేడిని కొలవడంతో మొదలవుతుంది. 1760ల తొలినాళ్ళలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ మంచు కరిగే తీరును పరిశీలించాడు. ఎంత వేడి ఇచ్చినా, కరగడం పూర్తయ్యేదాకా మంచు ఉష్ణోగ్రత పెరగదు. మరి ఇచ్చిన వేడి ఏమయింది? లోపలే దాగింది. దానికి ఆయన పెట్టిన పేరును మనం గుప్తోష్ణం అంటున్నాం. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అని స్పష్టంగా విడదీసిన తొలి మనిషి ఆయనే అనుకోవచ్చు. పట్టు అనే భావన అక్కడ పుట్టింది.

దానికి త్రాసు కట్టినవారు లావోజియే, లాప్లాస్‌లు. 1782-83 చలికాలంలో పారిస్‌లో వాళ్ళొక పరికరం చేశారు. మధ్యలో ఒక గది, దాని చుట్టూ మంచు, బయటి వేడి లోనికి రాకుండా ఆ మంచు చుట్టూ మరొక మంచుపొర. లోపల ఏం పెట్టినా అది విడిచే వేడికి మంచు కరిగి నీరై కిందికి దిగుతుంది. ఆ నీటిని తూచితే వేడిని తూచినట్టే. అందులో వాళ్ళు మండే బొగ్గును పెట్టారు, ఒక గినీపందినీ పెట్టారు. పది గంటల్లో ఆ ప్రాణి వేడికి కరిగిన మంచు సుమారు 13 ఔన్సులు. అది వదిలిన బొగ్గుపులుసు గాలిని కూడా లెక్కగట్టి, ఊపిరి తీయడమంటే నెమ్మదిగా మండడమేనని తేల్చారు. మన ఒళ్ళు వెచ్చగా ఉండడం కూడా ఉష్ణమోచకమేనన్నమాట. జఠరాగ్ని అనే మాటను రోజూ వాడేవాళ్ళం గనుక మనకిది అంత కొత్తగా అనిపించదు, కానీ అక్కడ దాన్ని తూకం వేసి చూపించారు. అన్నట్టు, 1775 నుంచీ ఫ్రాన్సు ప్రభుత్వ తుపాకిమందు వ్యవహారాలు చూసినవారిలో లావోజియే ఒకడు. దేశానికి కావలసిన పెట్లుప్పు సేకరణ ఆయన పనుల్లో ముఖ్యమైనది.

ఒక పదార్థం విడిపోయేటప్పుడు పట్టే వేడి, తిరిగి కలిసేటప్పుడు విడిచే వేడి సమానమని కూడా వాళ్ళిద్దరూ చెప్పారు. దీన్ని పూర్తి సూత్రంగా మలిచినవాడు జెర్మేన్ హెస్. జెనీవాలో పుట్టి, పసితనంలోనే రష్యా చేరి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడినవాడు. మొదలూ చివరా ఒకటే అయితే, మధ్యలో ఎన్ని మెట్లున్నా మొత్తం వేడి మారదని 1840లో ఆయన ప్రకటించాడు. శక్తి నిత్యత్వాన్ని మేయర్ 1842లో రాయబోయేముందే, రసాయనశాస్త్రంలో దాని నీడ కనబడింది.

హెస్ సూత్రానికి మన ఊళ్ళలో మంచి ఉదాహరణ ఉంది. పాతకాలపు మిద్దెలను నిలబెట్టిన గానుగ సున్నం చరిత్ర మూడు అంకాల నాటకం. మొదటి అంకం బట్టీలో. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు గాలి లేచిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. 100 గ్రాముల స్వచ్ఛమైన రాయి ఇలా మారడానికి 178 కిలోజౌళ్ళ వేడిని మింగుతుంది. ఇది గ్రాహకం. రెండవ అంకం సున్నపు గుంటలో. ఆ గడ్డల మీద నీళ్ళు పోస్తే బుసకొట్టి, పొగలు కక్కి, విచ్చుకుని పిండవుతాయి. దగ్గరికి పోవద్దని పెద్దలు పిల్లలను అదిలించేది అప్పుడే. బట్టీలో మింగిన వేడిలో 65 కిలోజౌళ్ళు అక్కడ బయటపడతాయి. మూడవ అంకం గోడలో, ఎవరికీ తెలియకుండా జరుగుతుంది. తడి సున్నం నెలల తరబడి, ఏళ్ళ తరబడి గాలిలోని బొగ్గుపులుసును పీల్చుకుని తిరిగి రాయిగా మారుతుంది. అప్పుడు విడుదలయ్యేది 113 కిలోజౌళ్ళు. అంత మెల్లగా వస్తుంది గనుక గోడ మీద చేయి వేసినా ఎవరికీ తెలియదు. 65, 113 కలిపితే 178. బట్టీలో తీసుకున్న అప్పు గుంటలో కొంత, గోడలో కొంత, పైసాతో సహా తీరిపోయింది.

ఇంతవరకూ జమాఖర్చు. పేచీ ఆ తరువాత వచ్చింది.

రసాయనశాస్త్రజ్ఞులను అంతకు వందేళ్ళ ముందు నుంచీ వేధిస్తున్న ప్రశ్న వేరు. ఏ పదార్థం దేనితో కలుస్తుంది, ఎందుకు కలుస్తుంది, ఒక జంట మధ్యలోకి మూడవది వస్తే పాత చెలిమిని వదిలి కొత్తదాన్ని ఎందుకు పట్టుకుంటుంది? ఈ చెలిమిని కొలిచే కొలబద్ద కావాలి. వేడే ఆ కొలబద్ద అని 1854లో కోపెన్‌హేగెన్‌లో జూలియస్ థామ్సన్ అన్నాడు. శుద్ధ రసాయనిక చర్య ఏదైనా వేడిని విడుస్తుందన్నది ఆయన మాట. మరో పదేళ్ళకు పారిస్‌లో మార్సెలిన్ బెర్తెలో అదే దారి పట్టాడు. గ్రీకు మూలాల నుంచి ఎక్సోథర్మిక్, ఎండోథర్మిక్ అనే మాటలను తయారుచేసింది ఆయనే. బయటి శక్తి ఏదీ జోక్యం చేసుకోకపోతే, అత్యధికంగా వేడిని విడిచే ఫలితం వైపే ప్రతి రసాయనిక మార్పూ మొగ్గుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. దానికి గరిష్ఠ కార్య సూత్రమని పేరు పెట్టి, 1879లో రెండు సంపుటాల గ్రంథంగా వెలువరించాడు.

అంటే ఆయన దృష్టిలో మోచకం, గ్రాహకం కేవలం రెండు రకాలు కావు. మోచకం ప్రకృతి తనంతట తాను నడిచే దారి, గ్రాహకం ఎవరో నెడితే తప్ప నడవని దారి. నీరు పల్లమెరుగును అన్నట్టు, రసాయనం వేడిని విడిచే వైపును ఎరుగును.

దీన్ని తెలివితక్కువ సిద్ధాంతమని ఇప్పుడు మనం నవ్వడం న్యాయం కాదు. కట్టె కాలుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, ఆమ్లమూ క్షారమూ కలిస్తే వేడెక్కుతాయి, సున్నం నీటిలో ఉడుకుతుంది. కళ్ళముందు తమంతట తాము జరిగే చర్యల్లో అత్యధికం మోచకాలే. బెర్తెలోకు తన స్వంత అనుభవమూ తోడుంది. 1862లో ఆయన విద్యుత్తు మెరుపులో బొగ్గునూ ఉదజనినీ నేరుగా కలిపి అసిటిలీన్ తయారుచేశాడు. అది పుట్టుకతోనే వేడిని మింగే పదార్థం. మామూలుగా ఆ రెండూ కలవవు, మెరుపు నెట్టింది గనుక కలిశాయి. సిద్ధాంతానికి ఇంతకంటే ఏం కావాలి? పైగా 1881లో ఆయన రూపొందించిన బాంబు కేలరీమీటరు ఎంత గట్టిదంటే, తినే పదార్థాల కేలరీలను తేల్చడానికి ఇప్పటికీ దాని వంశంలోని పరికరాలనే వాడుతున్నారు. కొలతల్లో ఆయనకు వంక పెట్టలేం. కొలిచినదానికి చెప్పిన అర్థంలోనే ఉంది చిక్కు.

ఇప్పుడు మన పెట్లుప్పును సాక్షిగా పిలవండి. ఆ ఉప్పును నీళ్ళలో ఎవరూ నెట్టడం లేదు. మెరుపు లేదు, బట్టీ లేదు. తనంతట తానే కరుగుతోంది, కరుగుతూ వేడిని మింగుతోంది. 101 గ్రాముల పెట్లుప్పు కరగడానికి పట్టే వేడి దాదాపు 35 కిలోజౌళ్ళు. లీటరు నీళ్ళలో కరిగిస్తే, బయటి నుంచి వేడి చేరనంతవరకూ, ఉష్ణోగ్రత సుమారు 8 డిగ్రీలు పడిపోతుంది. అక్బరు వంటశాలలో పనివాళ్ళకు తెలిసిన ఈ సంగతి బెర్తెలోకు తెలియదా? తెలుసు. ఆయనకు పెట్లుప్పు కొత్త కాదు. 1870లో జర్మను సేనలు పారిస్‌ను ముట్టడించినప్పుడు నగర రక్షణ కోసం ఏర్పడిన శాస్త్రజ్ఞుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు, తుపాకిమందు బలం మీద గ్రంథమే రాసినవాడు. కానీ కరగడం రసాయనిక మార్పు కాదు, భౌతికమైన మార్పు, కాబట్టి నా సూత్రానికి వర్తించదు అన్నాడు. వేడి చేస్తే విడిపోయి చల్లారిస్తే కలిసే పదార్థాలను ఎత్తిచూపితే, అక్కడ బయటి వేడి జోక్యం ఉందన్నాడు. ప్రతికూలంగా చెప్పిన ప్రతి సాక్షినీ అసలు సాక్షే కాదని కొట్టేసే న్యాయవాదిని ఓడించడం కష్టం. అతని వాదం గెలిచినట్టూ కాదు.

జవాబు అప్పటికే మరోచోట సిద్ధమవుతోంది. క్లాసియస్ 1865లో ఎంట్రపీ అనే మాటను ప్రవేశపెట్టాడు. 1873లో హైడెల్‌బర్గ్‌లో హార్స్ట్‌మన్ దాన్ని రసాయనిక విఘటనకు అన్వయించాడు. 1876-78 మధ్య అమెరికాలో విలర్డ్ గిబ్స్, కనెక్టికట్ అకాడమీ సంచికల్లో, చాలామంది చదవని చోట, చదివినా అర్థం కాని గణితంలో, మొత్తం వ్యవహారాన్ని పరిష్కరించి పెట్టాడు. 1882లో హెల్మ్‌హోల్ట్జ్ స్వేచ్ఛాశక్తి అన్నాడు. సారాంశం ఇది. మార్పు దిశను వేడి ఒక్కటే నిర్ణయించదు. పదార్థం, శక్తి ఎన్ని విధాలుగా సర్దుకోగలవు అనే రెండవ పద్దు కూడా ఉంది, అదే ఎంట్రపీ. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ పద్దు బరువు పెరుగుతుంది. స్ఫటికంలో బారులు తీరి కూర్చున్న పెట్లుప్పు కణాలు నీళ్ళలోకి దిగితే లెక్కలేనన్ని తావుల్లో తిరగగలవు. ఆ వెసులుబాటు విలువ 35 కిలోజౌళ్ళ ఖర్చును మించిపోతుంది. అందుకే ఉప్పు నష్టానికి ఓర్చి కరుగుతుంది, నీరు ఆ ఖర్చు భరించి చల్లబడుతుంది.

సున్నపు బట్టీకి తిరిగి వెళితే ఇంకా తేటపడుతుంది. మామూలు ఉష్ణోగ్రత దగ్గర వేడి పద్దుదే పైచేయి, కాబట్టి సున్నం గాలిని పీల్చి రాయి కావడానికే మొగ్గుతుంది. 900 డిగ్రీల దరిదాపుల్లో లెక్క తిరగబడుతుంది. వాయువుగా లేచిపోతే దొరికే వెసులుబాటు 178 కిలోజౌళ్ళ ఖర్చుకు సరితూగి, రాయి సున్నమవుతుంది. అదే రాయి, అవే పదార్థాలు, రెండు వ్యతిరేక దిశలు. ఉష్ణోగ్రత పెంచితే వేడిని మింగే దిశ బలపడుతుందని వాంట్ హాఫ్ 1884లో రాసింది ఇదే. బెర్తెలో సూత్రం నిక్కచ్చిగా నిజమయ్యేది పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర మాత్రమే. మనం బతికే ఉష్ణోగ్రతలు దానికి కొంత దగ్గరే గనుక, అది చాలాచోట్ల నిజంలా కనబడింది.

ఆ 1884లోనే పారిస్‌లో ఎకోల్ నార్మాల్‌లో ఇంకా విద్యార్థిగా ఉన్న పియెర్ ద్యుయెం తన డాక్టరేటు కోసం ఒక సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. వయసు 23 ఏళ్ళు. గిబ్స్, హెల్మ్‌హోల్ట్జ్‌లను చదివి, చర్య దిశను నిర్ణయించేది వేడి కాదు, ఉష్ణగతిక పొటెన్షియల్ అని నిరూపించాడు. బెర్తెలో సూత్రం తప్పని అందులో స్పష్టంగా ఉంది. లిప్‌మన్ ప్రభృతులున్న పరీక్షకసంఘం వ్యాసాన్ని తిరస్కరించింది. ద్యుయెం వెనక్కి తగ్గకుండా 1886లో దాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. బెర్తెలో అప్పటికి విజ్ఞానలోకంలోనే కాదు, ప్రభుత్వంలోనూ పెద్ద. 1886-87లో విద్యామంత్రి, తరువాత 1895-96లో విదేశాంగమంత్రి. ఈ కుర్రవాడు పారిస్‌లో ఎన్నటికీ పాఠం చెప్పడు అని ఆయన అన్నట్టు ద్యుయెం జీవితచరిత్రలలో వినబడుతుంది. ఆ మాట అన్నాడో లేదో గానీ, జరిగింది మాత్రం అంతే. ద్యుయెం 1888లో అయస్కాంతత్వం మీద మరో వ్యాసం రాసి డాక్టరయ్యాడు. లీల్, రెన్, ఆ తరువాత 1894 నుంచి బోర్దో. 1916లో చనిపోయేదాకా పారిస్ పీఠం ఆయనకు దక్కలేదు.

దీన్ని పెద్ద చేప చిన్న చేపను మింగిన కథగా మాత్రమే చెబితే అది సగమే అవుతుంది. బెర్తెలో గణతంత్రవాది, మతాన్ని చదువుకు దూరంగా ఉంచాలన్నవాడు. ద్యుయెం గట్టి కాథలిక్, రాజకీయంగా దానికి పూర్తిగా ఎదుటి పక్షం. ఆనాటి ఫ్రాన్సులో ఆ విరోధం రసాయనశాస్త్రం కంటే లోతైనది. ద్యుయెం నోరు కూడా తక్కువది కాదు, లీల్‌లో డీనుతో తగాదా పడ్డాడు. తమాషా ఏమంటే, ఈ ఇద్దరు శత్రువులూ ఒక విషయంలో దాదాపు ఏకమయ్యారు. అణువులూ పరమాణువులూ నిజంగా ఉన్నాయంటే ఇద్దరికీ గిట్టేది కాదు. పైన నేను ఉప్పు కణాలు నీళ్ళలో తిరగడం గురించి రాసిన వాక్యాన్ని ద్యుయెం చూస్తే కొట్టిపారేసేవాడు.

అయినా నా మనసు ద్యుయెం పక్షమే మొగ్గుతుంది. ఆయన అడిగింది ఒక్కటే. ఇరవయ్యేళ్ళ కష్టంతో కూర్చిన కొలతల పట్టిక ఎంత గొప్పదైనా, గ్లాసెడు నీళ్ళలో ఉప్పు చెప్పే సాక్ష్యాన్ని వినాలా వద్దా అని.

బెర్తెలో సూత్రం మెల్లగా పాఠాల నుంచి తప్పుకుంది. 1906లో నెర్న్‌స్ట్ తన ఉష్ణ సిద్ధాంతంతో, పరమశూన్యం దగ్గర ఆ రెండు పద్దులూ ఎలా ఒకటవుతాయో చూపించాడు. సూత్రం పోయినా దానికోసం పుట్టిన రెండు పదాలూ మిగిలాయి. ఇప్పుడవి వేడి ఎటు వెళ్ళిందో చెబుతాయి, చర్య ఎటు వెళుతుందో చెప్పవు. కానీ పాత వాసన పూర్తిగా పోలేదేమో. మోచకమైతే దానంతటదే జరుగుతుంది, గ్రాహకమైతే జరగదు అని ఇప్పటికీ ధీమాగా చెప్పేవాళ్ళు తారసపడుతూనే ఉంటారు. ఆటగాళ్ళ బెణుకుల మీద పెట్టే చల్లని సంచుల్లో చాలావాటిలో ఉండే అమ్మోనియం నైట్రేటు పెట్లుప్పుకు దగ్గరి చుట్టం. సంచిని నలిపితే లోపలి నీటిలో తనంతట తానే కరిగి చల్లబరుస్తుంది. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో పేలి నగరాన్ని కూల్చింది కూడా అదే పదార్థం, అక్కడ నిలవ ఉన్నది దాదాపు 2,750 టన్నులు.

బెర్తెలో 1907 మార్చి 18న, భార్య సోఫీ కన్నుమూసిన కొద్దిసేపటికే, తానూ పోయాడు. ఇద్దరినీ కలిపి పాంథియన్‌లో ఉంచారు. ద్యుయెం పేరు గిబ్స్ పేరుతో జంటగా ఒక సమీకరణంలో నిలిచింది, రసాయనశాస్త్ర విద్యార్థులు దాన్ని నేటికీ వల్లె వేస్తున్నారు. బోర్దోలో ఉండగా ఆయన మధ్యయుగాల విజ్ఞానశాస్త్ర చరిత్రను తవ్వి, సంపుటాలకు సంపుటాలు రాశాడు. ఒక దశలో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో విజ్ఞానశాస్త్ర చరిత్ర పీఠం ఇస్తామని కబురు వచ్చిందంటారు. నేను భౌతికశాస్త్రజ్ఞుణ్ణి, పారిస్‌కు వస్తే ఆ హోదాలోనే వస్తాను, చరిత్ర గుమ్మం గుండా రాను అని జవాబు పంపి, ఆయన బోర్దోలోనే ఉండిపోయాడు.